చేతి పని కప్పులతో టీ పార్టీ: మేము నేర్చుకున్న పాఠం

మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం



ఈ వేదిక మీద గేదెల యూనిట్ల గురించి, కుట్టు మిషన్ల గురించి, బ్యాంకు లింకేజీ గురించి పెద్దవాళ్లు మాట్లాడారు. మేము టీ కప్పుల గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వకండమ్మా. కప్పు చిన్నదే గానీ, ఆ కప్పు దగ్గరే మా సంఘం పరువు పోయింది. మళ్లీ ఆ కప్పు దగ్గరే తిరిగి వచ్చింది. పోయిన సంగతి కూడా దాచకుండా చెప్పమని మా సభ్యులు మమ్మల్ని పంపించారు.

మా సంఘంలో పన్నెండు మందిమి ఉన్నాం. నాలుగేళ్ల నుంచి మీటింగులకీ, చిన్న ఫంక్షన్లకీ టీ, టిఫిన్లు చేసి పంపుతున్నాం. మాది అనకాపల్లి జిల్లా కాబట్టి విశాఖపట్నం నుంచి కూడా అప్పుడప్పుడు ఆర్డర్లు వస్తాయి. పోయినేడు అక్కడి నుంచి ఒక కాలేజీ మేడమ్ గారు ఫోన్ చేశారు. ఆవిడ రిటైరవుతున్నారట. అరవై మందిని పిలిచి సాయంత్రం టీ పార్టీ ఇస్తారట. "భోజనాలు వద్దమ్మా. మంచి టీ, నాలుగు రకాల చిరుతిళ్లు చాలు. గానీ బల్ల మీద ఒక్క ప్లాస్టిక్ వస్తువు కూడా కనపడకూడదు. కప్పు దగ్గర్నుంచి ట్రే వరకు అంతా మన చేతి పనివాళ్లు చేసినవే ఉండాలి. చూడ్డానికి ఇప్పటి కాలం పార్టీలాగే ఉండాలి" అన్నారు. మొత్తం 14,000 రూపాయలకి మాట్లాడుకున్నాం. ఖర్చులన్నీ పోగా 4,800 మిగులుతుంది, ఒక్కొక్కరికి 400 వస్తుందని పుస్తకంలో రాసుకున్నాం.

అప్పటిదాకా మేము వాడింది పేపర్ కప్పులు. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం అయ్యాయని మీకు తెలుసు. పేపర్ కప్పయితే మంచిదే కదా అనుకున్నాం. కానీ టీ కారిపోకుండా దాని లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొర వేస్తారు. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో పరీక్ష చేస్తే, 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు అలాంటి కప్పులో పావుగంట ఉంటే సుమారు 25,000 సన్నటి ప్లాస్టిక్ రేణువులు అందులోకి వచ్చాయట. సంఘం మీటింగుల్లో మన పిల్లలకి కూడా ఆ కప్పుల్లోనే పోసి ఇచ్చాం కదా అని బాధపడ్డాం. మేడమ్ గారి ఆర్డరు ఒక రకంగా మాకు కళ్లు తెరిపించింది.

సరే, మట్టి కప్పులు పెడదామని తీర్మానం చేశాం. మా పక్క ఊళ్లో కుమ్మరి వీధి ఉంది. అక్కడ ఒక అప్ప మన గ్రామ సమాఖ్యలోనే వేరే సంఘం సభ్యురాలు. ఆవిడ భర్త సారె తిప్పుతాడు. మట్టి తొక్కడం, ఎండబెట్టడం, ఎర్రమట్టి పూత వెయ్యడం, ఆవం పేర్చడం అంతా అప్పే. అరవై మందికి రెండేసి కప్పులు అంటే 120, విరిగిపోయేవి, అదనంగా వచ్చేవాళ్లు కలుపుకుని 150 కావాలని చెప్పాం. కప్పుకి ఏడు రూపాయలు అడిగింది.

మేము ఏం చేశామో చెప్తాం, వినండి. బేరమాడాం. "ఏడు రూపాయలేటప్పా, మట్టే కదా" అన్నాం. ఇద్దరం ముగ్గురం కలిసి గట్టిగా పట్టుబట్టి అయిదు రూపాయలకి దించాం. వచ్చేటప్పుడు ఆటోలో 300 రూపాయలు మిగిల్చామని సంబరపడ్డాం. పైగా మూడు వారాలు అడిగిన మనిషిని పదిహేను రోజుల్లో ఇమ్మన్నాం. అడ్వాన్సు కూడా ఇవ్వలేదు.

పార్టీ రోజు సాయంత్రం బల్ల బాగానే సర్దాం. టీ పోశాం. పది నిమిషాలు గడవలేదు, కప్పుల కింద తెల్ల గుడ్డ మీద గోధుమరంగు మరకలు మొదలయ్యాయి. పదకొండు కప్పులు కారాయి. ఒక పెద్దాయన చేతిలో కప్పు అడుగే ఊడిపోయింది. ఆయన తెల్ల పంచె మీద టీ అంతా పోయింది. దేవుడి దయ, టీ అప్పటికి కాస్త చల్లారింది గనక కాలలేదు. ఆయన ఏమీ అనలేదు. మేడమ్ గారు కూడా అందరి ముందు ఒక్క మాట అనలేదు. అందుకే మాకు ఇంకా సిగ్గేసింది. లెక్క చూసుకునేటప్పుడు ఆవిడ 3,000 తగ్గించి ఇచ్చారు. కాదనడానికి మాకు నోరు లేదు. 4,800 మిగలాల్సిన చోట 1,800 మిగిలింది. ఒక్కొక్కరికి 150 వచ్చింది. ఆ 400 వస్తే పొదుపూ, కిస్తీ కట్టేద్దామనుకున్న చెల్లెలు ఒకతి మాలో ఉంది. ఆ నెల ఆమె కిస్తీ ఒక రోజు ఆలస్యమైంది.

మర్నాడు మీటింగులో గొడవయింది. "కుమ్మరాళ్లు మనల్ని మోసం చేశారు, డబ్బు వెనక్కి అడుగుదాం" అని ఒకరు లేచారు. అందరం కట్టకట్టుకుని కుమ్మరి వీధికి పోయాం. అప్ప మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. మేము అరిచినంతసేపూ ఊరుకుంది. తర్వాత లోపలికి పోయి తన పుస్తకం తెచ్చింది. మనలాగే ఆవిడా సంఘం మనిషి కదా, లెక్క రాసుకుంటుంది. మట్టి ట్రాక్టరుకి ఇంత, కర్రకి, పిడకలకి ఇంత, వరిగడ్డికి ఇంత, ఇద్దరి కూలి ఇంత అని చూపించింది.

"మట్టి తగ్గిస్తే కప్పు రాదు. మా కూలి అప్పటికే తగ్గించుకున్నాం. ఇంక తగ్గించడానికి కర్ర తప్ప ఏటుందమ్మా? మీరు తగ్గించిన రెండు రూపాయలూ ఆవంలో కర్రే. పైగా తొందరపెట్టారు. కప్పులు పూర్తిగా ఆరకముందే పేర్చాం, ఆవం చల్లారకముందే తీశాం. తప్పే. కాదనను. కానీ మీ కజ్జికాయలకి ఎవరైనా అలాగ తగ్గిస్తే మీరు నెయ్యి తగ్గించరా?"

ఎవరమూ మాట్లాడలేకపోయాం. ఎందుకంటే మేము తగ్గిస్తాం. తగ్గించాం కూడా. మనం చేసిన పచ్చడి సీసా చూసి ఎవరైనా "మామిడికాయే కదా" అంటే మనకి ఎంత మండుతుంది! ఆ మాటే మేము ఇంకో ఆడమనిషిని అన్నాం. 300 మిగుల్చుకుని 3,000 పోగొట్టుకున్నాం. డబ్బు పోతే మళ్లీ వస్తుంది. ఆ మాట అన్నందుకు మాత్రం ఇప్పటికీ తల దించుకుంటాం.

ఆ రోజు నుంచి కప్పు అంటే ఏంటో అప్ప దగ్గర కూర్చుని నేర్చుకున్నాం. ఎగ్జిబిషన్లకి వెళ్లి అడిగి తెలుసుకున్నాం. మీలో చాలామంది టీ స్టాళ్లు, క్యాంటీన్లు నడుపుతున్నారు. కొందరు ఇంట్లో నిశ్చితార్థానికో, సీమంతానికో ఇలాంటి టీ పార్టీ చెయ్యాలనుకుంటున్నారు. అందుకని తెలిసింది చెప్తున్నాం.

మొదటి సంగతి. కాల్చడంలో రకాలున్నాయి. మన ఊరి ఆవంలో కాలిన మట్టి కప్పు వెయ్యి డిగ్రీల లోపు వేడిలోనే కాలుతుంది. అందుకని ఎంత బాగా కాలినా దానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి. టీని కొంచెం పీలుస్తుంది. మట్టి వాసన వచ్చేది అందువల్లే. అలాంటి కప్పు ఒక్కసారికే. కడిగి మళ్లీ వాడకూడదు, లోపల పాలు చేరి వాసన పడుతుంది. ఇంకో రకం స్టోన్‌వేర్. అది 1200 డిగ్రీలు దాటిన బట్టీలో కాలుతుంది, పైన గాజు లాంటి పూత ఉంటుంది. నీళ్లు పీల్చదు, ఎన్నిసార్లయినా కడిగి వాడుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా ఊరు ఇలాంటి పూత పాత్రలకి పేరు పొందింది. ఎగ్జిబిషన్లలో అక్కడి కప్పులు దొరుకుతాయి.

మరి ఏది కొనాలి? జనాన్ని బట్టి. ఇరవై ముప్ఫై మంది వచ్చే పార్టీలే ఎక్కువైతే సంఘం డబ్బుతో ఒక సెట్టు పూత కప్పులు కొనుక్కోవడం మేలు. ప్రతి ఆర్డరుకీ అవే పనికొస్తాయి. వంద మంది దాటితే కడిగేవాళ్లు, మోసేవాళ్లు కావాలి కాబట్టి ఊరి మట్టి కప్పులే నయం. 2004లో రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు లాలూ ప్రసాద్ యాదవ్ గారు స్టేషన్లలో మట్టి కప్పులు పెట్టించింది కూడా కుమ్మరులకి పని దొరకాలనే కదా.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. మట్టి కప్పు పారేస్తే మట్టిలో కలిసిపోతుంది అంటారు. కాలిన మట్టి మళ్లీ మెత్తటి మట్టి అవ్వదు, పెంకులుగా ఉండిపోతుంది. విషం కాదు గానీ దారిలో పారేస్తే కాళ్లకి గుచ్చుకుంటుంది. అందుకే మేము పార్టీలో ఒక తాటాకు బుట్ట పెట్టి, "తాగిన కప్పులు ఇందులో వెయ్యండి" అని అట్ట మీద రాసి పెడతాం. ఆ పెంకులు తెచ్చి మొక్కల కుండీల అడుగున వేసుకుంటాం. నీళ్లు నిలవకుండా దిగిపోతాయి.

రెండో సంగతి, కప్పుల్ని పరీక్ష చెయ్యడం. సరుకు వచ్చాక పదికి ఒకటి చొప్పున తీసి చూడండి. వేలి గోటితో కొడితే ఖంగుమని మోగాలి. మొద్దుగా డబ్‌మంటే బీట ఉందన్నమాట, లేకపోతే కాలడం చాల్లేదన్నమాట. గోటితో గీస్తే పొడి రాలకూడదు. మరిగే నీళ్లు పోసి పాత పేపరు మీద అరగంట పెట్టండి. పేపరు కాస్త చెమ్మగిల్లితే పర్వాలేదు, చుక్క కట్టి కారితే మాత్రం తీసుకోవద్దు. ఒక కప్పు పగలగొట్టి అంచు చూడండి. లోపల మధ్యలో దట్టంగా నల్ల చార ఉంటే సరిగ్గా కాలలేదని అప్ప చెప్పింది. ఆ ఒక్క కప్పు డబ్బులు పోతే పోనివ్వండి, పంచె మీద టీ పడటం కంటే నయం.

తర్వాత పెదవి ఆనే అంచు. అది నున్నగా, పల్చగా ఉండాలి. మందంగా ఉంటే టీ గడ్డం మీద కారుతుంది. అడుగు వెడల్పుగా ఉండాలి, ఊగకూడదు. పిడి ఉన్న కప్పయితే మగవాళ్ల వేలు కూడా దూరుతుందో లేదో చూడాలి. పిడి లేని మట్టి కప్పు అయినా చెయ్యి అంతగా కాలదు, స్టీలు గ్లాసులా వేడిని వెంటనే చేతికి ఇవ్వదు. కానీ నిండా పొయ్యొద్దు. ముప్పావు వంతు పోస్తే పై అంచు పట్టుకుని తాగొచ్చు. మన తెలుగువాళ్ల టీకి 100 మిల్లీలీటర్ల కప్పు సరిపోతుంది. అందులో 80 పోస్తాం. అరవై మందికి రెండేసి సార్లు అంటే పది లీటర్ల టీ చాలు. పెద్ద కప్పు తీసుకుంటే టీ చల్లారిపోతుంది, సగం పారబోస్తారు. వాడే ముందు ఊరి మట్టి కప్పుల్ని ఒకసారి నీళ్లలో ముంచి తీసి ఆరబెట్టండి. దుమ్ము పోతుంది.

మూడో సంగతి చాలా ముఖ్యం. అందంగా ఉన్నవన్నీ తాగడానికి పనికిరావు. తక్కువ వేడిలో కాల్చే కొన్ని చవక మెరుపు పూతల్లో సీసం కలుపుతారు. నిమ్మకాయ టీ లాంటి పుల్లటిది పోస్తే ఆ సీసం అందులోకి దిగుతుంది. పిల్లలకీ గర్భిణులకీ అది మరీ చేటు. అందుకని పూత కప్పు కొనేటప్పుడు "ఇది తినడానికి, తాగడానికి చేసిందా? పూతలో సీసం లేదా?" అని అడగండి. తెలీదు అన్నవాడి దగ్గర కొనొద్దు. కాల్చాక పైన రంగులు వేసిన కప్పు అయితే ఆ రంగు లోపల గానీ, పెదవి తగిలే చోట గానీ ఉండకూడదు.

ఒక ఎగ్జిబిషన్‌లో నల్లగా నిగనిగలాడే టీ పాత్ర చూశాం. దాని మీద వెండి గీతల్లాంటి పువ్వులు. "నిజామాబాద్‌ది" అన్నాడు. మన తెలంగాణ నిజామాబాదే అనుకుని మురిసిపోయాం. తీరా అడిగితే అది ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాలోని నిజామాబాద్ అట. పొగ బయటికి పోకుండా మూసి కాలిస్తే ఆ నలుపు వస్తుందట. గీతల్లో వెండి మెరుపు కోసం జింకు, పాదరసం కలిపిన పొడి రుద్దుతారు. ఆ మాట వినగానే దాంట్లో టీ పొయ్యకూడదని అర్థమైంది. అయినా ఒకటి కొన్నాం. రెండు చామంతి కొమ్మలు పెట్టి బల్ల మధ్యలో ఉంచితే వచ్చినవాళ్లు అందరూ అదెక్కడిదని అడుగుతున్నారు. జైపూర్ నీలం పాత్రలు కూడా అంతే. అవి మట్టితో కాదు, పలుగురాయి పొడితో చేస్తారట. అలంకారానికి పెట్టుకోండి.

మన దగ్గరి వస్తువులకీ ఇదే లెక్క. మన జిల్లా ఏటికొప్పాక లక్క పని మీ అందరికీ తెలిసిందే. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ, గింజలు, ఆకులు, వేళ్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని రాస్తారు. తిరిగే కర్ర రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. వేడికి అంటుకున్నది వేడికే మెత్తబడుతుంది కదా. అందుకని లక్క డబ్బాల్లో పంచదార, బెల్లం పొడి, బిస్కెట్లు పెట్టండి. వేడి టీ పొయ్యొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామాన్లు టీ బల్లకి ఎంత కళ తెస్తాయో! ట్రేగా, మంచినీళ్ల బిందెగా పెట్టండి. లోపల కళాయి లేని ఇత్తడిలో మాత్రం పులుపు పొయ్యకూడదు, చిలుము పడుతుంది. మేము టీని స్టీలు కెటిల్లోనే ఉంచి, నిమ్మకాయ టీని గాజు జగ్గులో ఉంచి, రెండిటినీ ఇత్తడి పళ్లెంలో పెడతాం. చిరుతిళ్లకి ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు దొన్నెలు తీసుకుంటాం. అవి కుట్టేదీ మన గిరిజన అక్కచెల్లెళ్లే.

ఇక బల్ల సర్దడం. నేటి కాలం పార్టీ అంటే ఎక్కువ వస్తువులు పెట్టడం కాదని మాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి ఎగ్జిబిషన్ స్టాల్ పెట్టినట్టు అన్నీ పరిచేశాం. ఇప్పుడు మూడు రంగులకి మించి వెళ్లం. తెల్ల నేత గుడ్డ, మట్టి ఎరుపు కప్పు, ఇత్తడి పసుపు. లక్క డబ్బా ఒక్కటే వేరే రంగులో ఉంటుంది, చూపు దాని మీద పడుతుంది. పూలు పొట్టిగా పెడతాం, ఎదుటి మనిషి మొహం కనపడాలి కదా. సంపెంగ, మల్లె లాంటివి టీ దగ్గర పెట్టం, వాటి వాసన ముందు టీ వాసన నిలవదు. బంతి, చామంతి చాలు.

బల్ల మీద వరస ఇలా ఉంటుంది: ముందు దొన్నెలు, తర్వాత చిరుతిళ్లు, చివర టీ. టీ ముందు ఇచ్చేస్తే రెండు చేతులూ నిండిపోయి తినడానికి ఇబ్బంది పడతారు. చిరుతిళ్లు ఒక్క ముక్కలో నోట్లో పట్టేటట్టు, చెయ్యి అంటకుండా ఉండాలి. జంతికలు, చిన్న కజ్జికాయలు, చిన్న గారెలు, మన మాడుగుల హల్వా ముక్కలు పెడతాం. టీ రెండు చోట్ల పెడితే క్యూ ఉండదు. ఒక కెటిల్లో చక్కెర లేని టీ తప్పకుండా ఉంచాలి, ఈ రోజుల్లో సుగర్ లేని ఇల్లు లేదు. కెటిల్ బల్ల అంచున పెట్టొద్దు, పిల్లలు గుడ్డ పట్టుకుని లాగుతారు.

మేము కొత్తగా మొదలుపెట్టింది ఇంకొకటి ఉంది. ప్రతి వస్తువు దగ్గర చిన్న అట్ట ముక్క మీద అది ఏ ఊరిదో, ఎవరు చేశారో రాసి పెడతాం. కప్పుల దగ్గర "మా పక్క ఊరి కుమ్మరి వీధి అక్క, బావ చేసినవి" అని రాస్తాం. జనం ఆ అట్ట చదివాక కప్పుని పట్టుకునే తీరే మారుతుంది. ఎవరు చేశారో తెలిస్తే గట్టిగా విసిరెయ్యడానికి చెయ్యి రాదు.

ఇంతకీ అప్పతో ఏమైందో చెప్పాలి కదా. ఆ వారమే గ్రామ సమాఖ్య మీటింగులో అందరి ముందూ అప్పకి క్షమాపణ చెప్పాం. "ఇంత దానికి క్షమాపణలేటి" అంది గానీ కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత మా సంఘం ఒక తీర్మానం రాసుకుంది. కప్పు ఏడు రూపాయలు. తగ్గించమని అడగం. ఆర్డరు ఇచ్చిన రోజే సగం డబ్బు ఇస్తాం. మూడు వారాల టైము ఇస్తాం. ఆవిడ వైపు నుంచి, పరీక్షలో పోయిన కప్పులకి బదులు కప్పులు ఇస్తుంది. 150 కావాలంటే 170 చేస్తుంది. రెండు వైపులా సంతకాలు అయ్యాయి. వానాకాలం ఆవం తడిసిపోతుంది, కప్పులు ఆరవు. అందుకని ఆ నెలల ఆర్డర్లకి ఎండలు ఉన్నప్పుడే చేయించి మా గదిలో నిలవ పెట్టుకుంటాం.

ఈ మాట మీద మేము మేడమ్ గారికి మళ్లీ ఫోన్ చేశాం. "మాకు ఇంకో అవకాశం ఇవ్వండి మేడమ్, ఈసారి కప్పు కారితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు" అన్నాం. ఆవిడ కాసేపు ఆగి, తన చెల్లెలి గృహప్రవేశానికి వంద మంది టీ పార్టీ ఇప్పించారు. ఆ రోజు మేమంతా గుండె చేత్తో పట్టుకుని కప్పుల కిందే చూస్తూ నిలబడ్డాం. గుడ్డ తెల్లగానే ఉంది. చివర్లో ఆ పంచె పెద్దాయన కూడా వచ్చారు. కప్పు తీసుకుని, ముందు పైకెత్తి అడుగు చూశారు. మేము సిగ్గుతో నవ్వేశాం. ఆయనా నవ్వి, రెండో కప్పు కూడా అడిగి తాగారు.

ఈ ఏడాది అలాంటి టీ పార్టీలు తొమ్మిది చేశాం. అప్పల ఇంట్లో కష్టాలు తీరిపోయాయని చెప్పం. వాళ్ల అబ్బాయి ఇప్పటికీ విశాఖలో వేరే పనికే వెళ్తున్నాడు, సారె దగ్గరికి వస్తాడో రాడో తెలీదు. కానీ అప్ప ఈ ఏడాది కిస్తీలు ఒక్కటీ తప్పలేదు. మా చెల్లెలి కిస్తీ కూడా మళ్లీ ఆలస్యం కాలేదు.

అక్కలారా, మనం సంఘంలో చేరింది మన పనికి విలువ రావాలనే. మన చేతి పనికి విలువ కావాలంటే ముందు పక్కమనిషి చేతి పనికి మనం విలువ కట్టాలి. వస్తువుని గట్టిగా పరీక్ష చెయ్యండి, బాగాలేకపోతే వెనక్కి ఇచ్చెయ్యండి. అది మన హక్కు. కానీ కర్ర డబ్బులు, నెయ్యి డబ్బులు బేరంలో కొయ్యొద్దు. కోసింది ఎక్కడికీ పోదు, ఏదో ఒక రోజు అందరి ముందూ మన గుడ్డ మీదే మరకై కనపడుతుంది.

చివరిగా ఒక మనవి. ఈ రోజు మహాసభలో మీకు ఇచ్చిన టీ ఆ అప్ప చేసిన కప్పుల్లోనే ఇచ్చాం. ఇవాళ పొద్దున్నే పదికి ఒకటి తీసి మరిగే నీళ్లు పోసి చూశాకే పెట్టాం. తాగిన కప్పుల్ని గుమ్మం దగ్గరున్న తాటాకు బుట్టలో వెయ్యండి. కప్పులు చేసిన అప్ప మూడో వరసలో కూర్చుని ఉంది. వెళ్లేటప్పుడు ఒక్కసారి పలకరించి వెళ్లండి.